ఏటవాలుగా విసిరిన బంతి అత్యధిక ఎత్తుకు చేరాక ఒక్క క్షణం ఆగుతుందా?

ఆగదు; అక్కడ సున్నా అయ్యేది దాని నిలువు వేగం మాత్రమే, అడ్డంగా సాగే వేగం అలాగే ఉంటుంది.

గాలి నిరోధాన్ని పక్కన పెడితే, చేయి విడిచాక బంతి మీద పనిచేసే బలం గురుత్వాకర్షణ ఒక్కటే. అది కిందికే లాగుతుంది, పక్కకు లాగదు. అందుకే నిలువు వేగం ప్రతి సెకనుకూ 9.8 మీటర్లు/సెకను చొప్పున తగ్గి, శిఖరం దగ్గర సున్నాకు చేరి, ఆ తర్వాత కిందివైపు పెరుగుతుంది. అడ్డు వేగాన్ని మార్చేదేమీ లేదు.

సెకనుకు 20 మీటర్ల వేగంతో, నేలకు 60 డిగ్రీల కోణంలో విసిరారనుకోండి. మొదట్లో నిలువు వేగం దాదాపు 17.3, అడ్డు వేగం 10. సుమారు 1.77 సెకన్లకు, విసిరిన చోటికి 15.3 మీటర్ల పైన, నిలువు వేగం పూర్తిగా పోతుంది. బంతి మాత్రం సెకనుకు 10 మీటర్ల వేగంతో ముందుకు సాగుతూనే ఉంటుంది. దారి మొత్తంలో అతి తక్కువ వేగం ఇక్కడే.

చాలామంది పొరబడేది త్వరణం, అంటే వేగం మారే రేటు, దగ్గర. శిఖరంలో అదీ సున్నాయే అనుకుంటారు. నిజంగా సున్నాయై అలాగే ఉండిపోతే బంతి కిందికి వంగేదే కాదు, అడ్డంగా సరళరేఖలో పోతూనే ఉండేది. నిట్టనిలువుగా విసిరితే మాత్రం ఆ క్షణంలో వేగం పూర్తిగా సున్నా అవుతుంది. అప్పుడు కూడా త్వరణం 9.8 గానే, కిందివైపే ఉంటుంది.