బొమ్మ రైలింజన్‌కి 2 లక్షల లోనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. చేతికి 46,000 జీతం వస్తుంది. భార్య, నాలుగేళ్ల పాప ఉన్నారు. మోడల్ రైళ్లు కట్టడం నా పిచ్చి. నెలకు 7,000 దాకా అవుతుంది. విప్పని కిట్లు ఇంకా తొమ్మిది ఉన్నాయి. క్రెడిట్ కార్డు మీద 58,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నాను. సేవింగ్స్ ఖాతాలో 70,000 ఉంది. విదేశీ ఇత్తడి ఇంజను, డిజిటల్ కంట్రోలరు కోసం 2 లక్షల పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? మోడల్స్ అమ్మి తీర్చేద్దామని ఆలోచన. ఇంట్లో రోజూ గొడవే.

జవాబు: లోన్ వద్దండీ. 14 శాతం వడ్డీకి మూడేళ్లు అనుకున్నా నెలకు దాదాపు 6,800 కట్టాలి. వడ్డీయే 46,000 అవుతుంది.

అసలు ముందు కార్డు సంగతి చూడండి. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే 58,000 మీద 2,000 పైమాటే. ఇటు ఖాతాలో 70,000 ఏడాదికి మూడు శాతమైనా తెస్తుందో లేదో! రేపే కార్డు మొత్తం కట్టేయండి. చేతిలో 12,000 మిగిలితే భయంగానే ఉంటుంది. అందుకే మోడల్స్‌కి ఇకమీద నెలకు 2,500, అదీ వేరే ఖాతాలోంచి. వడ్డీలోనూ కొనుగోళ్లలోనూ మిగిలే 6,500 అత్యవసర నిధికి వేస్తే రెండేళ్లలోపే లక్షన్నర దాటుతుంది.

విప్పని కిట్లు తొమ్మిది ఉన్నాయని మీరే రాశారు. ఒకటి పూర్తయ్యాకే ఇంకొకటి కొనండి. సన్న ఇత్తడి తీగని బొమ్మ ఇంజను పట్టుకమ్మీగా వంచి, ఊపిరి బిగబట్టి అంటించే మనిషికి తీరిక కొరతే గానీ సరుకు కొరత లేదు.

గేజీల (అంటే రెండు పట్టాల మధ్య దూరం) గొడవ నాకు అంతగా తెలియదు, మీరు రాసిన అంకెలతోనే లెక్క వేశాను. 1:87 స్కేల్లో, అంటే అసలు కొలతని 87తో భాగిస్తే, మన బ్రాడ్‌గేజ్ 1,676 మిల్లీమీటర్లంటే 19 పైచిలుకు రావాలి. బజారులో దొరికే పట్టా 16.5 మిల్లీమీటర్లే. మీ ఊరి పాత చిన్నబండి (నారోగేజ్ రైలు) సంగతి వేరు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి వచ్చి, తర్వాత గుణుపురం దాకా సాగిన ఆ లైను గేజీ 762. దాన్ని 87తో భాగిస్తే 8.76 వస్తుంది. ఇంకా చిన్న మోడల్స్ కట్టే ఎన్ స్కేల్ వాళ్ల 9 మిల్లీమీటర్ల పట్టా ఇంచుమించు అతికినట్టే. కింది చట్రం ఎన్ స్కేల్‌ది వాడి, పై బాడీ ప్లాస్టిక్ షీటుతో మీరే కట్టుకోవచ్చు కదా. లక్షల ఇత్తడి ఇంజను దేనికి? దాని మీద కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు అదనం.

అమ్మకం మాట. మీరు కట్టిన ఒక వ్యాగన్‌కి స్నేహితుడు 3,500 ఇస్తానన్నాడు, సామాను 1,400 అయింది, రోజుకు రెండు గంటల చొప్పున 40 రోజులు పట్టింది అన్నారు. అంటే గంటకు 26 రూపాయలు. తాపీపనికి వెళ్లినా అంతకంటే ఎక్కువే వస్తుంది. పైగా వ్యాపారంగా చేస్తే, పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నానికి పంపినా ఒడిశా దాటినట్టే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ప్రశ్న వస్తుంది. అప్పుడు ఆడిటర్‌ని అడగండి. సరదాగా ఒకటీ అరా అమ్మి ఆ డబ్బు మోడల్స్ ఖాతాలో వేసుకోండి. ఈఎంఐ మాత్రం దాని మీద పెట్టుకోకండి.

పాప పేరున పోస్టాఫీసులో సుకన్య ఖాతా తెరిచారా? పదేళ్లు నిండేలోపు తెరవాలి, ఏడాదికి కనీసం 250 చాలు. నెలకు వెయ్యి వేయగలిగితే మేలు. ఆ పాస్‌బుక్కూ, బాకీ లేని కార్డు స్టేట్‌మెంటూ ముందు మీ ఆవిడకి చూపించండి. రైలు పట్టాలు ఆ తర్వాత పరవండి.