సలహాకు డబ్బులిచ్చేది ఎవరు?

ఉత్తరం: అమ్మా, మాది అనంతపురం జిల్లా పుట్లూరు దగ్గర పల్లె. వయసు 28. మహానందిలో ఏజీ బీఎస్సీ చదివి, ఐదేళ్ళుగా ఒక పురుగుమందుల కంపెనీలో సేల్స్ ఆఫీసర్‌గా చేస్తున్నాను. ఇన్సెంటివ్‌తో కలిపి నెలకు 36,000 వస్తుంది. మా నాయనకు ఐదెకరాల చీనీ (బత్తాయి) తోట. బోర్లకూ అక్క పెళ్ళికీ కలిపి నాలుగు లక్షలు అప్పయ్యాడు, రెండు రూపాయల వడ్డీ. పోయిన నెల 29న ఒక డీలర్ షాపులో ఉన్నాను. నా టార్గెట్‌కు ఇంకా తక్కువుంది. ఒక పెద్దాయన తువ్వాల్లో చీనీ ఆకులు కట్టుకొచ్చాడు. చిన్న చిన్న ఆకులు, ఈనెకూ ఈనెకూ మధ్య పసుపు. చూడగానే జింకు లోపమని తెలిసిపోయింది. అయినా చెట్లకు పట్టే నల్లి పురుగు మందు ఇప్పించాను. 1,850 రూపాయలు. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని ‘సల్లగా ఉండు నాయనా’ అని వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ సరిగా నిద్ర లేదు. ఉగాదికి రాజీనామా చేసి, రైతులకు నిజంగా పనికొచ్చే పని చేయాలనుంది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 18,000కు రమ్మంటున్నారు. ఈ మాట చెప్పినప్పట్నుంచి మా నాయన నాతో మాట్లాడటం లేదు. ‘జీతం సగమైతే పిల్లనెవరిస్తారు’ అని అమ్మ ఏడుపు. డబ్బూ తృప్తీ రెండూ ఉండే దారి లేదా?

జవాబు: నాయనా, ఆ తువ్వాలు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మా అన్నకు నార్పల దగ్గర చీనీ తోట ఉండేది. షాపతను చెప్పింది చెప్పినట్టు కొనేవాడు. ఖాళీ సీసాలు ఇంటి వెనక గోడ వారగా పేర్చి ఉండేవి. ఒక ఏడాది మా వదిన విసుగొచ్చి లెక్కపెడితే నలభై దాటాయి. తర్వాత బోర్లు ఎండిపోయి చెట్లు కొట్టేశారనుకో, అది వేరే కథ. కానీ ఆ నలభైలో ఎన్ని నిజంగా అవసరమో చెప్పగలిగిన మనిషి ఒక్కడైనా ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. షాపులో ఆ రోజు నీలాంటి కుర్రాడే ఒకడు నిలబడి ఉండేవాడేమో.

నిన్ను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. మనకు ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకు ఫీజు ఇస్తాం, మందు వేరే చోట కొంటాం. తోటకు జబ్బు చేస్తే మాత్రం డాక్టరూ షాపూ ఒకటే. రైతు సలహా ఉచితంగా వచ్చిందనుకుంటాడు. దాని ఖర్చు సీసా ధరలోనే ఉంటుంది, కాబట్టి సీసా అమ్ముడుపోని సలహాకు అక్కడ చోటు లేదు. నువ్వు ఎంత మంచివాడివైనా నెలాఖరుకు అదే జరుగుతుంది. అందుకే ఏ పనిలో తృప్తి ఉందని వెతికే ముందు, నువ్వు నిజం చెప్తే దానికి డబ్బులిచ్చేది ఎవరని అడుగు. నీ ముందున్న దారులన్నిటినీ ఈ ప్రశ్నతోనే చూద్దాం.

స్వచ్ఛంద సంస్థ. వాటి విలువ ఈ జిల్లాలో పుట్టినవాడికి నేను చెప్పక్కర్లేదు. 1969 నుంచి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చేసిన పని ఊరూరా కనిపిస్తుంది. కానీ నిన్ను పిలిచినవాళ్ళను ఒక మాట అడుగు: ఈ 18,000 ఏ ప్రాజెక్టు నుంచి వస్తుంది, అది ఇంకా ఎన్నేళ్ళు నడుస్తుంది? ఏడాదిన్నర అన్నారంటే, ఏడాదిన్నర తర్వాత మళ్ళీ నాకే ఉత్తరం రాస్తావు. రైతు ఉత్పత్తిదారుల సంఘాల్లో సీఈఓ పనికి కూడా నీ చదువు సరిపోతుంది. పదివేల సంఘాలు పెట్టాలని కేంద్రం 2020లో పథకం తెచ్చింది, సంఘానికి మూడేళ్ళ పాటు సాయం ఉంటుంది. అక్కడా అదే ప్రశ్న: నాలుగో ఏడాది జీతం సంఘం లాభంలోంచి ఇవ్వగలదా? సంఘం పుస్తకాలు చూపించమను. చూపించకపోతే లేచి వచ్చెయ్. ప్రభుత్వ ఉద్యోగానికి నోటిఫికేషన్ వస్తే రాయి, దాని కోసం ఖాళీగా మాత్రం కూర్చోకు.

నాకు నచ్చిన దారి వేరే ఉంది. అది నీ ఉత్తరంలోనే దాగి ఉంది. ఆకు చూడగానే జింకు లోపమని పట్టేశావు కదా, అదే నీ విద్య. 2015 నుంచి ఇస్తున్న భూసార కార్డులు మన ఊళ్ళలో ఎన్ని ఇళ్ళల్లో బీరువా అడుగున పడి ఉన్నాయో నీకు తెలుసు. అందులో పన్నెండు అంశాలుంటాయి, జింకు కూడా ఒకటి. కార్డు ఇచ్చారు సరే, తోటలోకొచ్చి చెట్టు పక్కన నిలబడి దాన్ని చదివి చెప్పేవాడు ఏడీ?

ఇప్పుడు లెక్క. ఏ మందూ అమ్మకుండా, నెలకు రెండుసార్లు తోట చూసి ఏం వేయాలో, ముఖ్యంగా ఏం వేయక్కర్లేదో రాసిచ్చే పనికి ఎకరాకు ఏడాదికి 2,000 అడిగావనుకో. ఐదెకరాల రైతు 10,000 ఇస్తాడు. అలాంటివాళ్ళు నలభై మంది అయితే నాలుగు లక్షలు, అంటే నెలకు 33,000. పెట్రోలు తీసేయి. నెలకు ఎనభై సార్లు తిరగాలి, రోజుకు మూడు తోటలు. పుట్లూరు, యల్లనూరు, తాడిపత్రి చుట్టూ బండి మీద అయ్యే పనే.

కష్టం ఎక్కడంటే ఆ నలభై మంది దొరకడం. షాపులో ఊరికే వచ్చే సలహాకు పదివేలు ఎందుకని అడుగుతారు. నీ దగ్గర జవాబు కావాలి. ఆ జవాబు ఈ ఏడాది మీ నాన్న తోటలోనే తయారు చెయ్. ఒక నోటుబుక్కు పెట్టు. పోయిన ఏడాది మందులకూ ఎరువులకూ ఎంతయింది, ఎన్ని టన్నులు కోశారు, మంగు పట్టి తొక్క రంగు చెడిన కాయ ఎంత పోయింది, అన్నీ రాయి. పక్క పేజీలో ఈ ఏడాదివి. అనుమానం వచ్చినచోట రెడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికి ఆకులు పట్టుకెళ్ళి సైంటిస్టులకు చూపించు. రేపు రైతు ముందు ఏ విజిటింగ్ కార్డూ ఆ రెండు పేజీలంత పని చేయదు. రెండో ఏడాది ఇద్దరు ముగ్గురు చుట్టాల తోటలు పట్టు, కానీ వాళ్ళ దగ్గర కూడా ఎంతో కొంత తీసుకో. ఐదొందలైనా సరే. ఊరికే చెప్తే నీ మాట కూడా ఊరికే పోతుంది. ఉద్యోగంలో ఉండగా బయట ఫీజు తీసుకోవచ్చో లేదో అపాయింట్‌మెంట్ లెటర్ తీసి ఒకసారి చదువు. కుదరదని ఉంటే, రాజీనామా అయ్యేదాకా మీ నాన్న తోటతోనే ఆగు.

నీలా వ్యవసాయం చదివినవాళ్ళు సొంతంగా సలహా కేంద్రం పెట్టుకోవడానికి కేంద్రం తెచ్చిన అగ్రి క్లినిక్ పథకం 2002 నుంచి నడుస్తోంది. 45 రోజులు ఉచిత శిక్షణ, ఆ తర్వాత ఒక్కడివైతే ఇరవై లక్షల ప్రాజెక్టు దాకా బ్యాంకు రుణం, అందులో 36 శాతం సబ్సిడీ, ఆడవాళ్ళకూ ఎస్సీ ఎస్టీలకూ 44 శాతం. శిక్షణకు తప్పక వెళ్ళు, రాజీనామా చేశాక మొదటి పని అదే పెట్టుకో. లోను జోలికి మాత్రం ఇప్పుడే పోకు. సబ్సిడీ మాట వినగానే షెడ్డు, బోర్డు, కంప్యూటరు అంటూ మొదలుపెట్టి మునిగినవాళ్ళు నాకు తెలుసు. నీ పనికి బండీ, కళ్ళూ, నోటుబుక్కూ చాలు.

వీటన్నిటికంటే ముందు ఆ రెండు రూపాయల వడ్డీ సంగతి చూడు. నాలుగు లక్షలకు నెలకు 8,000 వడ్డీ కడుతున్నారు, అసలు అలాగే ఉంటుంది. ఏడాదికి నూటికి ఇరవై నాలుగు. జీతం స్లిప్పు చేతిలో ఉన్నంతకాలమే బ్యాంకు నీతో మర్యాదగా మాట్లాడుతుంది, రాజీనామా చేసిన మర్నాడు మాట్లాడదు. కాబట్టి ఇప్పుడే పర్సనల్ లోను తీసుకుని ఆ అప్పు తీర్చెయ్. 13 శాతం వడ్డీ, నాలుగేళ్ళు అనుకుంటే నెలకు సుమారు 10,700. ఇప్పుడు కడుతున్నదానికి ఇంకో 2,700 కలిపితే అప్పు పూర్తిగా తీరిపోతుంది. ఇన్సెంటివ్ వచ్చినప్పుడల్లా అసలులోకి కట్టు, ముందుగా కడితే చార్జీలున్నాయేమో తీసుకునేటప్పుడే అడుగు. అప్పు సగానికి దిగి, చేతిలో ఆరు నెలల ఇంటి ఖర్చు మిగిలాక రాజీనామా. ఈ ఉగాదికి కాదు, వచ్చే ఉగాదికీ కాకపోవచ్చు. రెండేళ్ళు వేసుకో.

అన్నాళ్ళు ఆ షాపుల్లో ఎలా నిలబడాలని అడుగుతావు. కొన్ని నెలలు టార్గెట్ తప్పుతుంది, ఇన్సెంటివ్ పోతుంది. నేను చెప్పిన అప్పు లెక్క జీతం మీద నడిచేలా చూసుకో, ఇన్సెంటివ్ మీద కాదు. అవసరమైన మందు అమ్మడంలో తప్పేమీ లేదు. నల్లి ఉన్న తోటకు నల్లి మందు కావాల్సిందే.

మీ నాన్న సంగతి. ఆయన మౌనం కోపం అనుకుంటున్నావు. నాకు భయంలా కనిపిస్తోంది. బోరు వేసిన ప్రతిసారీ నీళ్ళు పడతాయనే నమ్మి వేశాడు, ఇప్పుడు నువ్వు కూడా ఇంకో బోరు వేస్తానంటున్నట్టు వినిపించి ఉంటుంది. ‘తృప్తి’ అనే మాట ఆయన దగ్గర ఎత్తకు. నోటుబుక్కు తీసుకెళ్ళి, ‘నాయనా, పోయిన ఏడాది మందులకు ఎంతయింది?’ అని అడుగు. ఆయనకు పైసలతో సహా గుర్తుంటుంది. మాట అక్కడ మొదలవుతుంది. అమ్మకు ఒకటే చెప్పు: సంబంధం చూడు, కానీ రెండేళ్ళలో ఉద్యోగం మారతాడని పిల్ల తరఫువాళ్ళకు ముందే చెప్పు. దాచి చేస్తే ఆ అమ్మాయి నాకు ఉత్తరం రాస్తుంది.

నిద్ర పట్టకపోవడం ఇంకో రెండు వారాలు ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించుకో. 14416కు ఫోన్ చేస్తే టెలిమానస్ (మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ) వాళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. నీ బండి డిక్కీలో ఎప్పుడూ మందు సీసాలుంటాయి కదా, అందుకే ఈ మాట గట్టిగా చెప్తున్నాను.

ఆ పెద్దాయన ఊరు నీకు తెలిసే ఉంటుంది, లేదంటే షాపు బిల్లు బుక్కులో దొరుకుతుంది. ఈ ఆదివారం వెళ్ళు. మూత తీసి ఉండకపోతే సీసా వెనక్కి ఇప్పించు, తీసి ఉంటే ఆ 1,850 నీ జేబులోంచి ఇవ్వు. జింకు సంగతి చెప్పి, తోటంతా ఒకసారి తిరిగి చూసి రా. ఆయన తిట్టినా తిట్టవచ్చు, మజ్జిగ ఇచ్చినా ఇవ్వవచ్చు. ఏమన్నాడో నాకు రాయి.