ఫోన్ మోగగానే మారిపోయిన గొంతు

ప్రశ్న: రక్షణ పొంది బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లయింది. సంఘంలో స్త్రీల కూడిక నడిపిస్తాను. ఇంట్లో మాత్రం కోపం ఆపుకోలేను. ఈమధ్య నాలో అసూయ, మెప్పు కోసం ఆరాటం కూడా కనిపిస్తున్నాయి. మొదట్లో ఇవేవీ లేవు. మొన్న లెక్కలు తప్పు చేశాడని మా అబ్బాయిని గట్టిగా తిడుతుంటే ఫోన్ మోగింది. ఎత్తి, ఎంతో మెత్తగా "ప్రైజ్ ద లార్డ్ అక్కా" అన్నాను. వాడు పెన్సిల్ పట్టుకుని నా మొహంలోకే చూస్తూ ఉండిపోయాడు. అప్పటినుంచి నాకు ప్రార్థన రావడం లేదు. నేను వెనక్కి జారిపోతున్నానా? కూడిక వదిలేయాలా? మావారేమో "నీకు టెన్షన్ ఎక్కువ" అంటారు.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నేను ఒప్పుకోలేని మాట ఒకటుంది. "మొదట్లో ఇవేవీ లేవు" అన్నారు. లేవా, కనిపించలేదా? తొమ్మిదేళ్ల కిందట ఇలాగే ఫోన్ మోగి ఉంటే మీ గొంతు ఇలాగే మారేదేమో. పక్కనున్నవాళ్లు ఎలా చూశారో మాత్రం మీకు పట్టేది కాదు. ఇప్పుడు పట్టింది. చీకటి గదిలో దుమ్ము కనబడదు. కిటికీ తెరిచాక కనిపిస్తే, దుమ్ము అప్పుడే వచ్చిందని అనుకోం కదా.

పౌలు ఉత్తరాలు ఈ కంటితో ఒకసారి చదవండి. క్రీ.శ. 55 ప్రాంతంలో కొరింథీయులకు రాస్తూ, అపొస్తలులలో తానే తక్కువవాడినన్నాడు. ఆ తర్వాత ఎఫెసీయులకు రాసినప్పుడు పరిశుద్ధులందరిలోనూ అత్యల్పుడినన్నాడు. తిమోతికి రాసేసరికి పాపులలో తానే ప్రధానుడినన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ ఆయన జారిపోయాడని మనమెవరమూ అనుకోం.

రోమా 7వ అధ్యాయం మీకు తెలిసే ఉంటుంది. చేయాలనుకున్న మేలు చేయలేక, వద్దనుకున్న కీడే చేస్తున్నానని అక్కడ పౌలు వాపోతాడు. ఆ గోడు విశ్వాసిదా, ఇంకా విశ్వాసంలోకి రాని మనిషిదా అన్న వాదన పాతదే. తొలి శతాబ్దాల క్రైస్తవ పండితుడు అగస్టీను కూడా ముందు రెండోదే అనుకుని, పెద్దయ్యాక అభిప్రాయం మార్చుకున్నాడు. నాకూ అది విశ్వాసి గోడుగానే వినిపిస్తుంది. కానీ చాలామంది 24వ వచనం దగ్గర "అయ్యో" అని ఆగిపోతారు. పౌలు ఉత్తరంలో అధ్యాయాల అంకెలు లేవు, ఇప్పుడున్న విభజన 13వ శతాబ్దంలో వచ్చింది. ఆగకుండా 8వ అధ్యాయం మొదటి వచనంలోకి చదువుకుంటూ వెళ్లండి. క్రీస్తుయేసునందు ఉన్నవారికి శిక్షావిధి లేదన్న మాట అదే ఊపులో వస్తుంది.

ఇక్కడ ఒక తేడా గమనించమని అడుగుతున్నాను. పరిశుద్ధాత్మ మన తప్పును మనచేత ఒప్పించేటప్పుడు విషయం సూటిగా ఉంటుంది: ఫలానా రోజు, ఫలానా మాట, ఫలానా మనిషి. లేచి వెళ్లి చేయాల్సిన పని ఒకటి కళ్లముందు కనిపిస్తుంది. "నీ భక్తి అంతా నటన, నువ్వింతే" అని మూకుమ్మడిగా కొట్టే మాటలో చేయడానికి ఏమీ ఉండదు, కుంగిపోవడం తప్ప. ప్రభువును ఎరగనన్న పేతురూ ఏడ్చాడు, ఆయన్ను పట్టించిన యూదా కూడా పశ్చాత్తాపపడ్డాడు. పేతురు తిరిగి ప్రభువు దగ్గరికే వచ్చాడు. యూదా రాలేదు.

ప్రార్థన ఎందుకు రావడం లేదో నాకు తోస్తున్నది చెబుతాను. అర్పణ తెచ్చినవాడికి తన మీద సహోదరుడికి విరోధమేదైనా ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే పెట్టి ముందు వెళ్లి సమాధానపడమన్నారు ప్రభువు. మీ విషయంలో ఆ సహోదరుడు పెన్సిల్ పట్టుకుని చూసిన పిల్లవాడు. మీరు దేవుణ్ణి చాలాసార్లు క్షమాపణ అడిగి ఉంటారు. వాణ్ణి అడిగారా? ఉత్తరంలో ఆ మాట లేదు.

కూడిక వదిలేయకండి. వదిలేస్తే అది కూడా మెప్పు గురించిన భయమే అవుతుంది. కొన్ని వారాలు మాత్రం ప్రార్థన వేరొకరిని నడిపించమని, మీరు వెనక కూర్చోండి. ఈ సంగతి నమ్మకమైన ఒక పెద్దక్కతో చెప్పుకోండి. సాక్ష్యంగా అందరి ముందూ చెప్పవద్దు, ఎందుకంటే అది మీ అబ్బాయి కథ కూడా. రాత్రి పడుకునే ముందు ఐదు నిమిషాలు, ఆ రోజు జరిగిన ఒక్క సంఘటన దేవుని ముందు పెట్టండి. బతుకంతా తవ్వుకోవద్దు. 139వ కీర్తనలో దావీదు తనను పరిశోధించమని దేవుణ్ణే అడిగాడు, ఆ పని ఒంటరిగా తలకెత్తుకోలేదు. ఆ కోపం కింద ఏముందో కూడా అడగండి. లెక్క తప్పడం మీద అంత కోపం రాదు. "నలుగురూ నా పెంపకాన్ని ఏమంటారో" అన్న భయం ఉందేమో చూడండి.

మీవారి మాట కూడా తీసిపారేయకండి. చచ్చిపోతే బాగుండునన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ముందు నిద్ర, తిండి ఇచ్చాడు, ఆ తర్వాతే మాట్లాడాడు. నిద్ర పట్టకపోయినా, ఒకే తప్పుకు పదేపదే క్షమాపణ అడుగుతున్నా మనసు కుదుటపడకపోయినా డాక్టర్‌ను కలవండి. బతకాలని లేదనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా వెళ్లండి. అది అవిశ్వాసం కాదు.

అన్నిటికంటే ముందు, ఈరోజే అబ్బాయి పక్కన కూర్చోండి. "ఆ రోజు నీ మీద అరిచి, ఫోన్‌లో ఇంకోలా మాట్లాడాను. తప్పు నాది, నన్ను క్షమించు" అనండి. "నువ్వు కూడా సరిగ్గా చదివితే" అని తోక తగిలించకండి. వాడు "సరేలే అమ్మా" అని ఆటకు పరిగెత్తవచ్చు. వెళ్లనివ్వండి. ప్రార్థన చేసుకుందాం రమ్మని అప్పుడే కూర్చోబెట్టకండి.