తమ్ముడి పాస్‌పోర్ట్ నీ బ్యాగులో ఎందుకుందమ్మా?

ప్రశ్న: మేడమ్, నాకు 33, మా తమ్ముడికి 26. మాది కాకినాడ. నాన్న పోయేటప్పటికి వాడికి 12 ఏళ్ళు, అప్పట్నుంచి వాడి చదువు, ఫీజులు, బ్యాక్‌లాగులు అన్నీ నేనే చూసుకున్నా. పోయినేడు వాడి జాబ్ పోయింది, ఇంట్లోనే ఉంటున్నాడు. నాకు కంపెనీ మారే మధ్యలో మూడు నెలలు గ్యాప్ దొరికింది, సరే ఇద్దరం ఎక్కడికైనా వెళ్దాం అని వియత్నాం, కంబోడియా, థాయిలాండ్ ప్లాన్ చేశా, ఖర్చంతా నాదే. ఇవాళ్టికి 40 రోజులు, వియత్నాంలోనే హోయ్ ఆన్‌లో ఉన్నాం. టికెట్లు నేనే, హోటళ్ళు నేనే, వాడేమో పదింటికి లేస్తాడు, కాఫీ షాపులో కూర్చుని బొమ్మలేసుకుంటాడు. వాడి పాస్‌పోర్ట్ కూడా నా బ్యాగులోనే పెట్టుకుంటున్నా, వాడి దగ్గరుంటే పోగొడతాడు. ఇక్కడి ఉత్తరాన కొండల్లో ఉండే హా జాంగ్‌లో బైక్ రెంట్‌కి తీసుకుంటానంటే వద్దన్నా, పదిమంది ముందు "నువ్వు మా అమ్మవి కాదు" అనేశాడు. తర్వాత పైపైన సర్దుకున్నాం కానీ, ఆరు రోజుల క్రితం ఖర్చుల దగ్గర మళ్ళీ గొడవైంది. అప్పట్నుంచి మాటల్లేవు, ఒకే రూములో ఉండి వాట్సాప్‌లో "చెకౌట్ 11" అని పెట్టుకుంటున్నాం. అమ్మకి ఏం చెప్పాలో తెలీట్లేదు. ట్రిప్ ఆపేసి వచ్చేయమంటారా?

జవాబు: నీ వయసు కూతురుంది నాకు, అందుకని నువ్వు అనే అంటున్నా, ఏమనుకోకు. నువ్వు రాసింది రెండుసార్లు చదివా. మొదటిసారి నీమీద జాలేసింది, నిజంగానే. రెండోసారి ఆ పాస్‌పోర్ట్ లైన్ దగ్గర ఆగిపోయా. నువ్వేమో ఏదో టవల్ సర్దుకున్నట్టు రాసేసి ముందుకెళ్ళిపోయావ్, నాకు మాత్రం ఈ గొడవంతా అక్కడే కనపడుతోంది. 26 ఏళ్ళ మనిషి పరాయి దేశంలో ఉన్నాడు, వాడు ఎవరో చెప్పే కాగితం అక్క బ్యాగులో జిప్పు వెనకాల ఉంది. హోటల్ రిసెప్షన్లో పాస్‌పోర్ట్ అడిగిన ప్రతిసారీ నువ్వు రెండూ తీసి కౌంటర్ మీద పెడుతుంటావు, వాడు పక్కన స్కూల్ పిల్లాడిలా నిలబడుంటాడు. నలభై రోజుల్లో ఇలా ఎన్ని హోటళ్ళయ్యాయో లెక్కేసుకో. వాడు పదింటికి లేస్తున్నాడంటే, ఎనిమిదింటికి లేచి మాత్రం వాడు చేసే పనేముందమ్మా అక్కడ? అన్నీ నువ్వే చేసేసి పెట్టావు కదా.

కోపం తెచ్చుకోకు, తప్పు నీదే అనట్లేదు. 19 ఏళ్ళకే ఇంటి తాళాలు నీ చేతిలో పెట్టేశారు, అప్పట్నుంచి దించుకోవడం అలవాటు కాలేదు నీకు. వాడికీ అంతే, నీ వెనక నడవడం తప్ప ఇంకో రకంగా ఎలా ఉండాలో తెలీదు. కాకినాడలో ఇది సాగిపోయింది ఎందుకంటే అక్కడ వాడికి ఫ్రెండ్స్ ఉన్నారు, నీకు ఆఫీసుంది, మధ్యలో అమ్మ ఉంది. ఇప్పుడేమో ఒకే రూము, ఒకే లగేజీ, ఒకే కార్డు, మొహమొహాలు చూసుకుంటూ 24 గంటలు. మొగుడూపెళ్ళాలే అలా నలభై రోజులు ఉండలేరు, హనీమూన్ వాళ్ళు కూడా వారానికి తిరిగొచ్చేస్తారు. (మా అన్నయ్యా నేనూ కలిసి అమ్మని కాశీ తీసుకెళ్ళాం ఒకప్పుడు, పన్నెండు రోజులు. తొమ్మిదో రోజున ఫ్లాస్కు ఎవరు మోయాలని మొదలై మా నాన్న ఆస్తి దాకా వెళ్ళింది. ఫ్లాస్కు మాత్రం అమ్మే మోసింది.)

బైక్ విషయం ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అందులో నీదే రైట్. మన ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ దేశాల మధ్య 1949లో కుదిరిన రోడ్డు ఒప్పందం కింద ఇచ్చేది, వియత్నాం వాళ్ళు ఒప్పుకునేది 1968 ఒప్పందం కింద ఇచ్చింది, కాబట్టి అది జేబులో ఉన్నా అక్కడ లైసెన్స్ లేనట్టే లెక్క. లైసెన్స్ చెల్లకుండా నడిపి పడితే ట్రావెల్ ఇన్సూరెన్స్ వాళ్ళు మామూలుగా చేతులెత్తేస్తారు. పైగా హా జాంగ్ అంటే ఊళ్ళో స్కూటీ నడిపినట్టు కాదు, మా పి లెంగ్ కనుమ దగ్గర ఒకపక్క కొండ, ఇంకోపక్క కింద ఎక్కడో నది. సో వద్దనడం కరెక్టే. కానీ నువ్వు ఈ కారణాలు చెప్పావా, లేకపోతే "నీకెందుకురా అవన్నీ, ఇక్కడ కూడా నన్ను టెన్షన్ పెట్టకు" అన్నావా? నువ్వు రాయలేదు గానీ నాకు డౌటే. అక్కడ లోకల్ వాళ్ళు బైక్ నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్ళే పద్ధతి ఉంది, ఈజీ రైడర్ అంటారు. ఆ మాట నీ నోట్లోంచి వచ్చుంటే వాడికి పరువు దక్కేది, నీకు ప్రాణం కుదుటపడేది. వాడు పదిమందిలో అన్న మాట మాత్రం తప్పే, దానికి వాడు సారీ చెప్పాలి, చెప్తాడు కూడా, నువ్వు అడక్కుండా ఉంటే.

ఇప్పుడు డబ్బు సంగతి. ఖర్చంతా నాదే అన్నావు కదా, అది గిఫ్టా అప్పా అన్నది నీకైనా క్లియర్‌గా ఉందా? గిఫ్ట్ అయితే వాడు ఓ నూట యాభై రూపాయల ఎగ్ కాఫీ రెండోసారి తాగినప్పుడు నీ మొహంలో ఏమీ కనపడకూడదు, అప్పయితే రాసుకుని తర్వాత వసూలు చేసుకోవాలి. నువ్వు రెండూ కాకుండా మధ్యలో ఉన్నావు, ఇచ్చేది గిఫ్ట్‌లాగా, చూసేది అప్పులాగా. జాబ్ లేని మగపిల్లాడికి ఆ చూపు ఎంత గుచ్చుకుంటుందో నీకు తెలీదు, వాడు ఏదీ అడగలేడు, ఏదీ వద్దనలేడు, ఒకే ఒక్కటి చేయగలడు, మొండికేయడం. అదే చేస్తున్నాడు.

అందుకని ఇవాళ రాత్రి చేయాల్సింది చెప్తా. పాస్‌పోర్ట్ తీసి వాడి చేతికివ్వు. స్పీచ్ ఏమీ వద్దు, "ఇది నీ దగ్గరుంచుకోరా" అంతే. దాని కలర్ జిరాక్సూ, వీసా ప్రింటూ ఒక్కో సెట్ ఇద్దరి దగ్గరా ఉండాలి. పోగొడతాడేమో అంటావా, పోగొడితే ఏమవుతుంది, హనోయ్‌లో మన ఎంబసీ ఉంది, హో చి మిన్ సిటీలో కాన్సులేట్ ఉంది, వెళ్ళి కూర్చుని ఫామ్ నింపుకుంటాడు. అది కూడా వాడే. తర్వాత మిగిలిన రోజులకి వాడి వాటా ఎంతో లెక్కగట్టి మొత్తం ఒకేసారి వాడికిచ్చేయ్, వాడి కార్డులో వేసెయ్. వారానికింత అని దయచేసి ఇవ్వొద్దు, అది పాకెట్ మనీ అవుతుంది. ఇచ్చాక లెక్క అడక్కు, ఆ ఎక్సెల్ షీట్ ఏదైనా ఉంటే, నువ్వు రాసిన తీరు చూస్తే ఉండే ఉంటుంది, డిలీట్ చేసెయ్.

ఆ పైన ఓ పది రోజులు విడిపోండి. అమ్మో పరాయి దేశంలోనా అని గుండె మీద చెయ్యేసుకోకు, వాడు చిన్నపిల్లాడు కాదు, నువ్వూ తప్పిపోవు. ముందు వీసాలు చూసుకోండి, వియత్నాం ఈ-వీసా 90 రోజుల దాకా ఇస్తారు గానీ 25 డాలర్లది సింగిల్ ఎంట్రీ, ఒకసారి బోర్డర్ దాటితే మళ్ళీ దాని మీద లోపలికి రాలేరు, కాబట్టి ముందు ఎవరు కంబోడియాలోకి వెళ్ళినా ఇంకొకరి కోసం వెనక్కి రావడం కుదరదు. హోయ్ ఆన్‌లో రైల్వే స్టేషన్ లేదు, దా నాంగ్ నుంచి ఎక్కాలి, కొన్నిచోట్ల సముద్రం పక్కనుంచి పోతుంది ఆ లైను, వాణ్ణి అది ఎక్కి సైగాన్, అంటే హో చి మిన్ సిటీ, వెళ్ళమను. అక్కణ్ణుంచి మొక్ బాయ్ బోర్డర్ మీదుగా బస్సులు కంబోడియా రాజధాని నామ్ పెన్‌కి పోతాయి. ఆ క్యూలో వాడి పాస్‌పోర్ట్ పట్టుకుని వాడే నిలబడి, వాడి వీసా వాడే చూపించి, వాడే స్టాంప్ వేయించుకోవాలి. నువ్వు కావాలంటే హోయ్ ఆన్‌లోనే ఇంకో నాలుగు రోజులుండి పక్కనే 'మీ సన్' అనే చోట పాతకాలపు చామ్ రాజుల శివాలయాలు చూసుకో, ఎవరికోసం ఎదురుచూడకుండా, ఎవర్నీ లేపకుండా. నువ్వు ఆఖరిసారి ఒక్కదానివే కూర్చుని భోంచేసింది ఎప్పుడో గుర్తుందా?

కంబోడియాలో ఆంగ్‌కోర్ గుళ్ళ పక్కనున్న ఊరు సియామ్ రీప్‌లో కలుసుకోండి. అక్కడ మళ్ళీ గొడవ రాకుండా ఒక చిన్న కిటుకు. ఆంగ్‌కోర్ టికెట్ మన ఫొటో ప్రింట్ చేసి ఎవరిది వాళ్ళకే ఇస్తారు. మూడు రోజులది 62 డాలర్లు, ఏడు రోజులది 72, మూడు రోజులదైతే 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా వాడుకోవచ్చు, వరసగా వెళ్ళక్కర్లేదు. నువ్వేమో లిస్టు పెట్టుకుని గుళ్ళన్నీ చుట్టేసే రకం, నీకు మూడు రోజులది చాలు. వాడు బొమ్మలేసుకునే రకం, పది డాలర్లు ఎక్కువైనా ఏడు రోజులది కొనుక్కోమను. ఆంగ్‌కోర్ వాట్ తూర్పు గోడ మీద క్షీరసాగర మథనం చెక్కారు, 49 మీటర్ల పొడుగు, దాని ముందు వాడు రెండ్రోజులు కూర్చున్నా ఆశ్చర్యపోకు. ఒక్క పొద్దు ఇద్దరూ కలిసి వెళ్ళండి, మిగతావి ఎవరి దారి వాళ్ళది.

అమ్మ సంగతి. మన రాత్రి తొమ్మిదంటే మీకు పదిన్నర, రోజూ ఆ టైముకి ఫోన్ చేసి నిన్నే కదా అడుగుతుంది, తమ్ముడు తిన్నాడా, తమ్ముడు పడుకున్నాడా, తమ్ముడు ఆ ఉద్యోగానికి అప్లై చేశాడా అని. నువ్వు తిన్నావా అని అడిగిందా ఎప్పుడైనా? ఆవిణ్ణి అనడం కాదు, మా అమ్మా అంతే. రేపట్నుంచి "వాడికే చెయ్యమ్మా, వాడి దగ్గర ఫోనుంది" అని పెట్టేయ్. రెండ్రోజులు అలుగుతుంది. గొడవైన సంగతి దాచక్కర్లేదు గానీ వివరాలు అక్కర్లేదు, కొన్నాళ్ళు విడిగా తిరుగుతున్నాం అంటే చాలు.

ఒక్క విషయం మాత్రం కొంచెం గమనించు. లేట్‌గా లేవడం, మాట్లాడకపోవడం బద్ధకమే అనుకోకు, జాబ్ పోయి ఏడాదిగా ఇంట్లో ఉన్నవాడు. బొమ్మలేస్తున్నాడు, బైక్ కావాలంటున్నాడు, నీతో గొడవ పడుతున్నాడు, ఇవన్నీ చూస్తే నాకు పెద్ద భయం వేయట్లేదు. అలా కాకుండా తిండి మానేశాడు, నిద్ర లేదు, బొమ్మలు కూడా పక్కన పడేశాడు, బతికి ఏం లాభం లాంటి మాటలు వస్తున్నాయి అంటే మాత్రం నేను పైన చెప్పిన విడిపోవడం పక్కన పెట్టేయ్, ఒంటరిగా వదలకుండా ఇద్దరూ కలిసి ఇంటికొచ్చేసి డాక్టర్‌కి చూపించండి. ఇక్కడికొచ్చాక 14416కి చేస్తే టెలి మానస్ వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు.

అది తప్పితే ట్రిప్ ఆపొద్దు, ఇప్పుడు తిరిగొస్తే మిగతా జీవితమంతా ఆ బైక్ గొడవే చెప్పుకుంటారు. ఇక ఆ హోటల్ వాళ్ళు మిమ్మల్ని మొగుడూపెళ్ళాలనుకుని బెడ్ మీద టవల్స్‌తో హంసలు చేసి పూలు చల్లడం లాంటివి జరిగుంటాయి మీకు కూడా, అక్కాతమ్ముళ్ళు వెళ్తే తప్పదు, అందుకే ట్విన్ బెడ్స్ అని ముందే అడగాలి. సియామ్ రీప్‌లో రూము వాణ్ణే బుక్ చేయమను. ఫ్యాన్ రూమైనా సరే, బజారు మధ్యలో రాత్రంతా మోత వచ్చేదైనా సరే, మొదటి రాత్రి ఏమీ అనకు. మరీ పడుకోలేకపోతే పొద్దున్నే లేచి, నీ డబ్బుతో నీకొక్కదానికే ఏసీ రూము తీసుకో.