కొత్త కారు కింద పాత దెబ్బ

ఆటోనగర్, విజయవాడ

చి.ల.సౌ. శిరీషకు మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు ఫొటోలూ పెద్దవి చేసి చూశాను. కారు కొని ఆరు నెలలు కాలేదు. సర్వీసుకి ఇస్తే లిఫ్ట్ ఎక్కించి "కింద దెబ్బలున్నాయి మేడమ్, మీరే ఎక్కడో తగిలించి ఉంటారు" అన్నారని రాశావు. నీకు ఒళ్లు మండిందంటే మండదా మరి! కానీ ఆ కోపంతోనే షోరూమ్‌కి వెళ్లకు. నాకు కనిపించినంతవరకు ఆ మూడూ ఒకే దెబ్బ కాదు, ఒకే రోజు తగిలినవీ కాదు. అన్నీ కలిపి "మీరే చేశారు" అని నువ్వన్నావంటే, అందులో ఒక్కటి నీ వల్ల తగిలిందని చూపించి మిగతా రెండూ కూడా నీ ఖాతాలోనే రాసేస్తారు.

అన్నిటికంటే ముందు బండి నడపొచ్చా లేదా తేల్చుకో. ఈ రాత్రి ఇంజిన్ కింద ఒక పాత అట్టముక్క పరిచి ఉంచు. పొద్దున రంగులేని తడి ఉంటే అది ఏసీ నీళ్లు, పట్టించుకోకు. నల్లగానో గోధుమరంగులోనో జిడ్డు మరక ఉంటే ఇంజిన్ ఆయిల్. పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. చక్రం దగ్గర లేత పసుపు రంగులో పల్చటి జిడ్డు కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కావచ్చు, అప్పుడు బండి కదిలించకు, టోయింగ్ వాళ్లని పిలువు. నడుపుతుండగా ఆయిల్ దీపం ఎర్రగా వెలిగితే పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపెయ్. ఇల్లు ఇంకో రెండు కిలోమీటర్లే కదా అని లాగావంటే ఇంజిన్ పట్టేస్తుంది. ఆయిల్ లేకుండా నడిపి ఇంజిన్ పాడు చేసుకుంటే మామూలు ఇన్సూరెన్స్ పాలసీ ఆ ఖర్చు ఇవ్వదు.

ఇక ఫొటోల సంగతి. మొదటిది ఎడమవైపు ముందు చక్రం వెనక, రన్నింగ్ బోర్డు కింది అంచు. రెండు రేకుల్ని కలిపి వెల్డ్ చేసిన పట్టీ అక్కడ నిలువుగా కిందికి దిగి ఉంటుంది. నీ కారుకి అది అరచెయ్యంత మేర లోపలికి మడత పడింది. పెయింటు పొరలుగా లేచింది. కానీ దానికి ముందుగానీ వెనకగానీ ఒక్క గీత లేదు. కదిలే బండికి కింద ఏది తగిలినా గీత సాగాల్సిందే. గీత లేకుండా మడత మాత్రమే ఉందంటే, నిలబడి ఉన్న బండిని ఎవరో కింద నుంచి ఎత్తారు, అదీ జాకీ పాయింటు తప్పించి ఎత్తారు. ఆ పట్టీకి చిన్న గాట్లు రెండు ఉంటాయి, జాకీ ఆ రెండింటి మధ్యే పెట్టాలి. నీ ఫొటోలో మడత ఆ గాట్లకి బెత్తెడు వెనక ఉంది.

మిగతా మూడు మూలలూ కూడా చూడు. రెండు స్తంభాల లిఫ్ట్ అయితే నాలుగు చేతులతో ఎత్తుతుంది కాబట్టి నాలుగు చోట్లా ప్యాడ్ గుర్తులు ఎంతో కొంత ఉంటాయి. ఒక్కచోటే ఉంటే ట్రాలీ జాకీ, అంటే చక్రాల మీద తోసుకొచ్చే జాకీ, అనుకోవచ్చు. ఇంతవరకు పంక్చర్ పడలేదు, టైరు విప్పించలేదు అన్నావు. అల్లుడుగారిని కూడా ఒకసారి అడుగు. ఊరెళ్లినప్పుడు డ్రైవర్‌ని పెట్టుకుని ఉంటే అతన్నీ అడుగు, నిలదీయకుండా మామూలుగా అడుగు. భయపడ్డవాడు నిజం చెప్పడు. వాళ్లెవరూ ఎత్తించలేదంటే, ఆ బండిని ఎత్తే అవకాశం డెలివరీకి ముందు స్టాక్ యార్డులో వాళ్లకీ, మొదటి సర్వీసు చేసినవాళ్లకీ ఉంది. ఇద్దరూ ఆ డీలర్ మనుషులే. నీ ఫిర్యాదంతా ఈ ఒక్క మడత మీదే ఉండాలి.

రెండో ఫొటోలో ఇంజిన్ కింద ప్లాస్టిక్ కవరు గీసుకుపోయింది, రెండు క్లిప్పులు లేవు. గీత చివర ప్లాస్టిక్ పొట్టు వెనకవైపుకి పోగుపడి ఉంది చూడు. బండి ముందుకు వెళ్తూ రాసుకుంటే పొట్టు వెనక్కి చేరుతుంది, రివర్స్‌లో అయితే ముందుకి చేరుతుంది, అడ్డంగా ఉంటే లారీ మీదో టోయింగ్‌లోనో జరిగిందేమో ఆలోచించాలి. కాబట్టి ఇది స్పీడ్ బ్రేకరో, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు పై అంచో. రోడ్ల కొలతలు నిర్ణయించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసే సిమెంటు గుట్టలకి ఏ లెక్కా ఉండదు. ఐదుగురు ఎక్కి డిక్కీ నిండా సామాను పెడితే కారు కిందికి దిగుతుంది, కాగితం మీద రాసిన గ్రౌండ్ క్లియరెన్స్, అంటే కారు అడుగుకీ నేలకీ మధ్య ఖాళీ, అప్పుడు ఉండదు. ఇది మనవల్లే జరిగిందని ఒప్పుకుని క్లిప్పులు వేయించుకో. ఒప్పుకుంటే మొదటిదాని మీద నీ మాటకి బలం వస్తుంది.

మూడోది ఆయిల్ ఛాంబర్, అంటే ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, మీద సొట్ట. ఫొటోలో చిన్నదిగానే ఉంది, కానీ దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఛాంబర్ లోపల అడుక్కి దగ్గరగా ఆయిల్ పీల్చే జాలి ఉంటుంది. సొట్ట లోతుగా ఉంటే రేకు ఆ జాలికి ఆనుకుని ఆయిల్ సరిగా పైకి ఎక్కదు. బయట ఒక్క చుక్క కారకపోయినా లోపల ఇంజిన్ అరిగిపోతుంది. అల్యూమినియం ఛాంబర్ అయితే పగులు ఉందేమో తుడిచి చూడాలి, దాన్ని సుత్తితో సరిచేయనివ్వకు, మార్చాల్సిందే.

తుప్పు చూసి "ఇది పాత దెబ్బే" అని వాదించకు. వానాకాలంలో పెయింటు లేచిన ఇనుప రేకు రెండు మూడు రోజుల్లోనే ఎర్రబడుతుంది. దానికంటే దుమ్ము నయం. గీత లోపల మట్టి పట్టి గట్టిపడి ఉంటే పాతది, గట్టిపడ్డ మట్టిని కోసుకుంటూ గీత పోయి ఉంటే కొత్తది. దెబ్బ మీద నల్ల కోటింగ్ తాజాగా కొట్టి ఉంటే మాత్రం ఎవరు, ఎప్పుడు, ఎందుకు కొట్టారని గట్టిగా అడుగు.

నువ్వు ఫొటోలు తీసి, దెబ్బ సంగతి వాళ్ల చేత కాగితం మీద రాయించుకునేదాకా ఎవరినీ అక్కడ చెయ్యి పెట్టనివ్వకు. "ఫ్రీగా అండర్ కోటింగ్ కొట్టిస్తాం మేడమ్" అంటారు, అంటే కారు అడుగున పూసే ఆ నల్ల పూతే. వద్దను. ఆ నలుపు పడిందంటే ఆధారం పోయినట్టే, కింద తుప్పు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నంబర్ ప్లేట్ దగ్గర మొదలుపెట్టి ఆపకుండా దెబ్బ దాకా ఒకే వీడియో తీయి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీయి. జాబ్ కార్డులో, అంటే సర్వీసుకి ఇచ్చినప్పుడు వాళ్లు రాసే కాగితంలో, కిలోమీటర్ల రీడింగుతో సహా "ఎడమవైపు రన్నింగ్ బోర్డు పట్టీ మడత, లిఫ్ట్ మీద గమనించాం" అని రాయించు. రాయం అంటే అక్కడే నిలబడి వాళ్ల సర్వీస్ మేనేజర్‌కీ, కంపెనీ కస్టమర్ కేర్‌కీ ఫొటోలతో మెయిల్ పెట్టు. మొదటి సర్వీసు జాబ్ కార్డు, డెలివరీకి ముందు చేసిన తనిఖీ షీటు కాపీలు అడుగు.

మెయిల్‌లో "వారంటీ" అనే మాట వాడకు. బయటి దెబ్బలకి వారంటీ వర్తించదని ఒక్క వాక్యంతో మూసేస్తారు. మీ చేతిలో ఉన్నప్పుడు తప్పుగా ఎత్తడం వల్ల జరిగిన నష్టం, మీ ఖర్చుతో సరిచేయండి అని రాయి. కారే మార్చమని మాత్రం అడగకు. ఇంత మడతకి అది నిలబడదు, అడిగేకొద్దీ నీ మాట పలచబడుతుంది. పట్టీ నిదానంగా లాగి నిటారు చేయడం, తుప్పు పూర్తిగా గీకడం, ప్రైమర్, సీలర్, పెయింటు, ఆ తర్వాతే కోటింగ్. ప్రతి దశకీ ఫొటో కావాలని అడుగు.

రెండు వారాల్లో కదలిక లేకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక నువ్వు ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, రెండేళ్లలోపు వేయాలి. నీ కారు ధర 10 లక్షలకీ 20 లక్షలకీ మధ్య ఉంది కాబట్టి ఫీజు 400 రూపాయలే.

ఇన్సూరెన్స్ క్లెయిమ్ మాత్రం ఆయిల్ ఛాంబర్ మార్చాల్సి వస్తేనే చెయ్యి. చిన్నవాటికి క్లెయిమ్ చేస్తే వచ్చే ఏడాది రావాల్సిన 20 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుంది. చేసేట్టయితే రిపేరుకి ముందే ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి, వాళ్లు పంపే సర్వేయర్ దెబ్బ చూడాలి. ఫారంలో "కుక్క అడ్డొచ్చింది" లాంటి కథ రాయమని వర్క్‌షాపులో ఎవరైనా చెబితే వినకు. ఎలా తగిలిందో తెలియదు, ఫలానా తేదీన సర్వీసులో చూశాం అని ఉన్నదున్నట్టు రాయి.

శనివారం వెళ్తానన్నావుగా, బండి లిఫ్ట్ ఎక్కాక వీడియో కాల్ చెయ్యి. ఆ పట్టీ నేనే చూస్తాను, అవసరమైతే అక్కడి సర్వీస్ అడ్వైజర్‌తో మాట్లాడతాను.

మామయ్య

తా.క.: మీ తమ్ముడిది ఎలక్ట్రిక్ కారు కదా, వాడికి విడిగా చెప్పు. ఫ్లోర్ కింద ఉన్నదంతా బ్యాటరీయే. దాని పెట్టెకి సొట్ట పడితే బయట మెకానిక్‌ల చేత తట్టించడం, వెల్డింగ్ చేయించడం అస్సలు వద్దు, కంపెనీ వాళ్లే చూడాలి. డ్యాష్‌బోర్డులో హెచ్చరిక వచ్చినా, కాలిన వాసన వచ్చినా సెల్లార్‌లో పెట్టకుండా ఆరుబయట ఆపి, అందరూ దిగి దూరంగా వెళ్లాలి.