నెమ్మదిగా దిగిపోయే బ్రేకు పెడల్

ప్రశ్న: మా పాత డీజిల్ జీపులో బ్రేకు మీద కాలు అదిమి ఉంచితే పెడల్ మెల్లగా కిందికి జారుతోంది. బయట ఎక్కడా కారడం లేదు. లోపం ఎక్కడ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: బ్రేకు ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గకుండా పెడల్ దిగుతోందంటే ముందు అనుమానించాల్సింది, పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే మాస్టర్ సిలిండర్‌నే. లోపలి రబ్బరు కప్పులు అరిగితే ఆయిల్ వాటి పక్కనుంచి వెనక్కి జారిపోతుంది. అయినా చక్రాల దగ్గరి బ్రేకు డ్రమ్ములు తీసి, లోపల బ్రేకు షూలను నెట్టే వీల్ సిలిండర్ల రబ్బరు తొడుగు అంచు ఎత్తి చూడండి. తడి కనిపిస్తే లీకు అక్కడ కూడా ఉన్నట్టే. రెండుమూడుసార్లు తొక్కాక పెడల్ పైకొచ్చి గట్టిగా నిలిస్తే షూలు అడ్జస్ట్ చేయాలి. స్పాంజిలా మెత్తగా ఉంటే ఆయిల్ లైనులో గాలి ఉన్నట్టు.

మాస్టర్ సిలిండర్ బోరులో, అంటే లోపలి గోడ మీద, గోరుకు తగిలే గీత ఉంటే కొత్త రబ్బర్ల కిట్ దండగ, సిలిండరే మార్చండి. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ పోయాలి. ఇంజనాయిల్ కలిస్తే రబ్బర్లన్నీ ఉబ్బిపోతాయి. గాలి తీయడం మాస్టర్‌కు అన్నిటికన్నా దూరపు చక్రంతో మొదలు. బ్రేకు బాగయ్యేదాకా బండిని రద్దీగా ఉండే బెంజి సర్కిల్ వైపు తీసుకెళ్లకండి.