ఎలుగుబంట్లను చూడాలంటే బండి తక్కువ నడపాలి

చిన్నీ, అల్లుడుగారూ,

మీరు పంపిన ప్లాన్‌ని మీ పెదనాన్నా నేనూ మ్యాప్ ముందు పెట్టుకుని చూశాం. కెనడాలోని ఎడ్మంటన్‌లో మోటర్‌హోమ్ (లోపలే వంట, పడక ఉండే బండి) అద్దెకు తీసుకుని, అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ దాకా వెళ్లి, రెండు వారాల్లో బండి తిరిగి అప్పగించాలని రాశారు. పోను దాదాపు 3,000 కిలోమీటర్లు, రాను అంతే. జంతువుల్ని చూడటానికి వెళ్తున్నాం అని పైన రాసి, కింద వేసుకున్నది మాత్రం లారీ డ్రైవర్ డ్యూటీ. దాన్ని సగానికి సగం తగ్గించండి. కెనడాలోనే ఉన్న వాట్సన్ లేక్ అనే ఊరి దగ్గర వెనక్కి తిరిగేయండి.

అలాస్కా చూడలేదంటే ఊళ్లో వాళ్లేమనుకుంటారో అని బెంగ వద్దు. అక్కడిదాకా వెళ్లకపోతే అమెరికా సరిహద్దు, వీసా కాగితాలు, ఆ టెన్షన్ ఏదీ ఉండదు. మీరు పోయే అలాస్కా హైవే కెనడాలోని డాసన్ క్రీక్‌లో మొదలై అలాస్కాలోని డెల్టా జంక్షన్‌లో ముగుస్తుంది. 1942లో అమెరికా సైన్యం యుద్ధ అవసరానికి హడావిడిగా వేసిన రోడ్డది. ఆ మొత్తం దారిలో జంతువుల కోసం నన్ను ఒక్క ముక్క ఎంచుకోమంటే, ఫోర్ట్ నెల్సన్ నుంచి వాట్సన్ లేక్ వరకు ఉన్న దాదాపు 500 కిలోమీటర్లే ఎంచుకుంటాను. చాలామంది దాన్ని ఒక్క రోజులో దాటేసి, దారిలో ఏమీ కనపడలేదని వాపోతారు. మీరు పోతూ మూడు రాత్రులు, వస్తూ మూడు రాత్రులు అక్కడే గడపండి. వచ్చిన దారే మళ్లీ ఎందుకని అల్లుడుగారికి అనిపించవచ్చు. పోయేటప్పుడు మధ్యాహ్నం దాటిన చోటు వచ్చేటప్పుడు తెల్లవారుజామున పడేలా చూసుకోండి, అప్పుడు ఆ దారి ఎందుకో ఆయనకే తెలుస్తుంది.

మీరు వెళ్లేది జూన్‌లో కాబట్టి ఎక్కడ ఏం చూడొచ్చో చెబుతాను. ఫోర్ట్ నెల్సన్ దాటి కొండెక్కితే సమ్మిట్ లేక్ వస్తుంది. ఆ హైవే మొత్తంలో ఎత్తయిన చోటు అదే. అక్కడి నుంచి మంచో లేక్ దాకా స్టోన్ షీప్ అనే కొండగొర్రెలు తిరిగే ప్రాంతం. ముదురు బూడిద రంగు ఒళ్లు, తెల్లటి పిరుదులు, వెనక్కి మెలితిరిగిన కొమ్ములు. రాళ్ల రంగులో కలిసిపోతాయి కాబట్టి కొండవైపు మెడలు నొప్పెట్టేలా చూస్తారు, తీరా అవి రోడ్డు మీదే ఉంటాయి. మట్టిలోని ఖనిజ లవణాల కోసం దిగివస్తాయి. ముందుకాళ్లు మోకాళ్ల దగ్గర మడిచి, గడ్డం నేలకానించి, రోడ్డు అంచున కంకర నాకుతుంటే పక్కన గొర్రెపిల్లలు కూడా అచ్చం అలాగే చేయబోయి బోర్లా పడుతుంటాయి. అది చూశాక మంచో లేక్ నీళ్ల రంగు గురించి ఎవరికీ గుర్తుండదు, నీళ్లూ బాగానే ఉంటాయనుకో.

లియార్డ్ నది దాటాక బైసన్, అంటే అడవిదున్నలాంటి పెద్ద జంతువులు. ఇవి వుడ్ బైసన్, ఒకప్పుడు దాదాపు అంతరించిపోయిన జాతి. 1990ల్లో ఇక్కడికి తెచ్చి వదిలిన మంద సంతతే మీకు రోడ్డు పక్కన గడ్డి మేస్తూ కనిపిస్తుంది. జూన్‌లో చలికాలపు బొచ్చు పీలికలు పీలికలుగా ఊడుతుంటుంది, దూడలు ఇటుక రంగులో ఉంటాయి. రోడ్డుకు అడ్డంగా నిలబడితే హారన్ కొట్టకండి, ఇంజన్ ఆపేసి కూర్చోండి. వాటికి పోవాలనిపించినప్పుడే పోతాయి. తోక పైకి లేచిందంటే కోపమొచ్చిందని అర్థం. బండిలో ఉన్నా సరే, మెల్లగా వెనక్కి జరగండి.

లియార్డ్ రివర్ హాట్ స్ప్రింగ్స్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. అందరూ వేడినీటి గుండం కోసం వస్తారు, నేను రమ్మనేది దానికి దారి తీసే చెక్కబాట కోసం. వెచ్చటి నీళ్లు పారే చిత్తడి మీదుగా పోతుందది. తెల్లవారుజామున, మిగతా వాళ్లు లేవకముందే వెళ్లి, మాట్లాడుకోకుండా నిలబడండి. అదృష్టం బాగుంటే మూస్ అనే భారీ దుప్పి వస్తుంది. తల మొత్తం నీళ్లలో ముంచేస్తుంది, చాలాసేపు ఏమీ ఉండదు, తర్వాత మూతి నిండా నాచు వేలాడుతూ పైకి లేస్తుంది, చెవులు విదిలిస్తే ఆ తుంపర మనకు వినిపిస్తుంది. ఒక గంట నిలబడితే ఏమీ రాకపోవచ్చు కూడా. మర్నాడు మళ్లీ వెళ్లండి, రెండు రాత్రులు అన్నది అందుకే.

ఇక అసలు సంగతి, ఎలుగుబంట్లు. ఈ కాలంలో వాటికి రోడ్డు పక్కన లేత గడ్డి, క్లోవర్, పసుప్పచ్చ డాండిలయన్ పూలు దండిగా దొరుకుతాయి. పూల మధ్య పశువులా మేస్తూ ఉంటాయి. రంగు చూసి నల్ల ఎలుగా, గ్రిజ్లీ అనే పెద్ద గోధుమ ఎలుగా అని తేల్చకండి, నల్ల ఎలుగుల్లో గోధుమ రంగువీ ఉంటాయి. భుజాల మధ్య మూపురం ఉండి, పక్క నుంచి చూస్తే ముఖం లోపలికి వంగినట్టుంటే గ్రిజ్లీ. మీ పెదనాన్న మాత్రం ఇప్పటికీ కాలిన మొద్దు కనపడిన ప్రతిసారీ ఎలుగే అంటారు. ఆయన్ని నమ్మి బ్రేకు వేయకూడదని నేను ఎప్పుడో నేర్చుకున్నాను.

అందుకే ఒక నియమం పెట్టుకోండి. నడిపేవాళ్లు రోడ్డే చూడాలి, అడవిని చూసే పని పక్క సీటుది. రెండు గంటలకోసారి మారండి. పక్క సీటువాళ్లు "అదిగో" అని అరవకూడదు. "కుడివైపు, ముందు, గడ్డిలో" అని నిదానంగా చెప్పాలి. మోటర్‌హోమ్ కారులా ఆగదు, అంచున మెత్తటి మట్టిలోకి టైరు దిగితే పక్కకు లాగేస్తుంది. ఆగడానికి సరైన చోటు లేకపోతే ఆ జంతువుని వదిలేసి ముందుకు పోండి. రోడ్డు మీద ఎంత లిమిట్ రాసినా మీరు గంటకు 80 కిలోమీటర్లు దాటకండి. చీకట్లో అసలు నడపొద్దు. బైసన్ నల్లటి ఒళ్లు హెడ్‌లైట్ వెలుగులో బాగా దగ్గరికి వచ్చేదాకా ఆనదు. జూన్‌లో అక్కడ రాత్రి పది దాటినా వెలుతురుంటుంది, దాన్ని చూసి ఇంకాస్త దూరం పోదాం అనుకునేవాళ్లే అలసిపోయి స్టీరింగ్ మీద కునుకు తీస్తారు. మధ్యాహ్నం మూడింటికల్లా బండి ఆపేయండి. వంట, నిద్ర అప్పుడే కానిచ్చి, సాయంత్రం ఏడు నుంచి కిటికీ దగ్గర కూర్చోండి. జనరేటర్ మాత్రం ఆపాలి. అది మోగుతుంటే కుందేలు కూడా రాదు.

రోడ్డు పక్కన ఎలుగు కనపడితే బండి దిగొద్దు, ఇందులో బేరం లేదు. దాన్ని బిస్కెట్‌తో పిలిచేవాళ్లని చూశాను, ఆ ఎలుగు మనుషులకు అలవాటుపడి చివరికి తుపాకీ దెబ్బకు పోతుంది. నడకలో ఉన్నప్పుడు ఎలుగుకి, తోడేలుకి 100 మీటర్లు, మూస్‌కి, గొర్రెలకి 30 మీటర్లు ఎడం ఉండాలన్నది పార్క్స్ కెనడా వాళ్ల లెక్క. నా లెక్కలో పిల్లతో ఉన్న తల్లి మూస్‌కి కూడా 100 మీటర్లే. అది చెవులు వెనక్కి వాల్చి మెడ మీద వెంట్రుకలు లేపితే పరుగెత్తి లావుపాటి చెట్టు చాటుకు పోవాలి. ఎలుగు ముందు మాత్రం పరుగెత్తకూడదు, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులేయాలి. రెండింటికీ మందు వేరు, దారిలో ఒకరికొకరు చెప్పించుకోండి.

బేర్ స్ప్రే (ఎలుగు మీదికొస్తే దాని ముఖాన కొట్టే మిరపఘాటు స్ప్రే) ఒకటి చాలదు, ఇద్దరి నడుముకూ చెరొకటి ఉండాలి. సంచిలో ఉన్నది లేనట్టే. డబ్బాని నడుము నుంచి లాగి, దాని సేఫ్టీ క్లిప్పు తీయడం రెండు మూడుసార్లు ప్రాక్టీస్ చేయండి. డబ్బా మీద రాసిన దూరం లోపలికి వచ్చాకే కొట్టాలి. విమానంలో దాన్ని చెక్-ఇన్ సామానులోనూ రానివ్వరు, ఎడ్మంటన్‌లో దిగాకే కొనుక్కోండి. రాత్రి పడుకునేముందు స్టవ్, కూలర్, చెత్త సంచి, ఆఖరికి గిన్నెలు తోమిన స్పాంజి కూడా బయట ఉండకూడదు.

బండి సంగతులు క్లుప్తంగా. ఫోర్ట్ నెల్సన్‌లో నీళ్లు, ప్రొపేన్, పెట్రోలు నింపి, మురుగు ట్యాంకులు డంప్ స్టేషన్‌లో ఖాళీ చేసుకోండి. తర్వాత ట్యాంకు సగానికి రాగానే ఎక్కడ బంకు కనపడితే అక్కడ, రేటు చూడకుండా కొట్టించండి. ఆ ముక్కలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. రిపేర్ జరిగే చోట కంకర ఎగిరి అద్దానికి తగులుతుంది కాబట్టి, విండ్‌షీల్డ్‌కి ఇన్సూరెన్స్ వర్తిస్తుందా, కంకర రోడ్డు మీద నడపొచ్చా అని అద్దె కంపెనీని అడిగి జవాబు రాతలో తీసుకోండి. తలకు వేసుకునే దోమల వల మర్చిపోవద్దు.

బైనాక్యులర్స్ కొనకండి. మా 8x42 జతని ఈ వారంలోనే కొరియర్ చేస్తాను. కానీ ఒకటే ఉంది, దెబ్బలాడుకోకండి. లియార్డ్ క్యాంప్‌గ్రౌండ్ వేసవిలో త్వరగా నిండిపోతుంది, ఈ ఉత్తరం చదవగానే ముందు అక్కడ బుక్ చేసి, మిగతా తేదీలు దాన్నిబట్టి సర్దుకోండి.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ